పెద్దల శనివారం నాటి మట్టి పలక

సోఫియా
1973 ఫిబ్రవరి 6

స్టమెనా అక్కకు తమ్ముడు లాజార్ రాస్తున్నది.

నువ్వు పంపిన ఎండుమిరప దండ అందింది. వంటింట్లో మేకుకు తగిలించాను. దాని గురించి రెండు మంచి మాటలు రాద్దామంటే చేతులు ఆడటం లేదు. సూటిగా విషయానికి వస్తున్నాను. నువ్వూ సూటిగానే జవాబివ్వాలి.

పోయిన అక్టోబరులో మన ఊరి దిబ్బలో దొరికిన మట్టి పలక గురించి పేపర్లో వేశారు కదా. 'ఆరు వేల ఏళ్ళ నాటి రాత, ప్రపంచంలోకెల్లా మొదటి రాత మన నేల మీదే' అని పెద్ద పెద్ద అక్షరాలతో. నేను 'రాత కావచ్చు' అన్నాను. వాళ్ళు 'కావచ్చు' పీకేశారు. ప్రొఫెసర్ దొబ్రినొవ్‌కి మొదటినుంచీ ఇది గిట్టదు. రాత పుట్టింది ఇరాక్‌లో, రెండు నదుల మధ్య, మన కుమ్మరులు గీసుకున్నవి ఉత్త పిచ్చిగీతలు అని ఆయన వాదన. వాదనకు నాకేం బాధ లేదు, ఇద్దరం పదిహేనేళ్ళుగా వాదించుకుంటూనే ఉన్నాం. కానీ పోయిన వారం ఆయన పలకను భూతద్దం కింద పెట్టాడు. గీతల లోపల ఇనుప మొన గీరిన తాజా మెరుపు కనిపించిందట. ఇది పాతది కాదు, ఈమధ్య ఎవరో చెక్కారు అని మా మ్యూజియం కమిటీకి రాసిచ్చాడు.

"మీ నాన్నగారు పండగ రొట్టెల మీద అచ్చేసే ముద్రలు చెక్కేవారట కదండీ! ఆ విద్య ఇంట్లో ఇంకా ఎవరికబ్బింది?" అని అందరి ముందూ నన్నడిగాడు. కొందరు నవ్వారు కూడా.

నేను దొంగ పలక తయారుచేశానని తేలితే ఉద్యోగం పోవడం చిన్న సంగతి. ప్రభుత్వాన్ని మోసం చేశానని జైల్లో వేస్తారు.

ఒక్కసారి గుర్తు తెచ్చుకో. తవ్వకాల కొట్టం వానకు కురుస్తోందని పలకను గుడ్డలో చుట్టి నీ పెట్టెలో పెట్టించాను. ఆ సాయంత్రమే జ్వరంతో నన్ను సోఫియా ఆసుపత్రికి తెచ్చేశారు. పదకొండు రోజుల తర్వాత మా బొమ్మలు గీసే త్సెంకో వచ్చి నీ దగ్గర దాన్ని తీసుకున్నాడు. నాలుగు రోజులు తన గదిలో ఉంచుకుని, బొమ్మ గీసి, నాకు తెచ్చిచ్చాడు. దిబ్బలోంచి తీసిన రోజు అది మట్టి ముద్ద. రెండు గీతలు తప్ప ఏమీ కనబడలేదు. త్సెంకో తెచ్చేసరికి పందొమ్మిది గుర్తులు, కడిగిన గాజులా ఉన్నాయి. బురద కడిగి ఉంటాడులే అనుకున్నాను. సంతోషంలో అడగలేదు.

నీ ఇంట్లో ఉన్న పదకొండు రోజుల్లో దాన్ని ఎవరు ముట్టుకున్నారు? ఇల్కో బావ గానీ ఒక చుక్క పడ్డాక సరదాకి ఏమైనా చేశాడా? కోపం తెచ్చుకోకుండా రాయి.

లాజార్


దోల్నా క్రుషా
ఫిబ్రవరి 15

లాజార్ దొరగారికి,

పోలీసు స్టేషన్ నుంచి తాఖీదు వచ్చిందనుకుని భయపడ్డాను. అడుగున నీ పేరు చూసి ఇంకా భయపడ్డాను.

నిన్న ద్రాక్షతోట పండగ. మీ బావ తీగలు కత్తిరించి, ఒక్కో మొదట్లో ఒక్కో గుక్క వైన్ పోశాడు. తీగకు ఒకటి, తనకు రెండు. సాయంత్రానికి తీగలే కాస్త నిటారుగా నిలబడ్డాయి. అలాంటి మంచి పూట నీ ఉత్తరం వచ్చింది.

'బావ గానీ ఒక చుక్క పడ్డాక' అని రాశావు. పొలం దున్నుతుంటే దొరికిన పాత చెంబు ఇంట్లో పెట్టుకున్నాడని ఎనిమిది నెలలు ఆయన్ని ఎక్కడ ఉంచారో నీకు తెలుసు. తిరిగొచ్చాక ఏడాదిపాటు తలుపు చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాడు. అన్నం తింటూ కూడా లేచి నిలబడేవాడు. అలాంటి మనిషి పేరు కాగితం మీద పెట్టి టపాలో వేస్తావా? నీకు చదువు ఎక్కువైంది, బుద్ధి తక్కువైంది. దారిలో ఈ ఉత్తరాలు ఎందరు చదువుతారో నీకు తెలియదా?

కాబట్టి నువ్వూ విను, దారిలో చదివేవాళ్ళూ వినండి. మా ఇంట్లో ఆ పలకను ఎవ్వరూ ముట్టుకోలేదు. ఇల్కో దాని మొహం చూడలేదు. నేను ముట్టుకోలేదు. పెట్టిన పెట్టెలోంచి పెట్టినట్టే తీసి త్సెంకో చేతిలో పెట్టాను.

అయినా శుభ్రంగానే కదా నీకు అందింది? శుభ్రంగా ఉన్నందుకు కూడా తప్పు పడతారా మీ ప్రొఫెసర్లు?

దగ్గు తగ్గిందా? బాతు కొవ్వు ఛాతీకి రాయించుకో. క్యాబేజీ ఊరగాయ జాడీ బస్సు డ్రైవరు చేత పంపుతాను, ఖాళీ జాడీ తిరిగి పంపు. పోయినసారి జాడీ ఇంకా నీ దగ్గరే ఉంది.

నీ అక్క, ముద్దాయి,
స్టమెనా


సోఫియా
మార్చి 1

అక్కా,

నీ తిట్లు చదివి ప్రాణం లేచొచ్చింది. బావ పేరు రాయడం నా తప్పే, ఇంకెప్పుడూ రాయను. నువ్వు పంపిన ఎర్ర తెల్ల దారం పొద్దున్నే మణికట్టుకు కట్టుకున్నాను. ఆనవాయితీ ప్రకారం ఈ ఏడు మొదటి కొంగ కనబడేదాకా విప్పను.

నీ మాట పట్టుకుని కమిటీకి వాంగ్మూలం ఇచ్చాను. 'మా అక్క ఇంట్లో పలకను ఎవరూ తాకలేదు, దీనికి నేను పూచీ' అని రాసి సంతకం చేశాను. మా అక్క ఏడేళ్ళప్పుడు కూడా అబద్ధం ఆడలేదని నోటితో కూడా చెప్పాను. దొబ్రినొవ్ ఆ కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు.

అసలు గొడవ ఏమిటో నీకు సరిగ్గా చెప్పలేదు. వేల ఏళ్ళు నేలలో పడి ఉన్న మట్టి వస్తువు గీతల్లో సున్నం పేరుకుంటుంది. బూడిదరంగులో గట్టిగా రాయిలా పట్టేస్తుంది. చూడటానికి మురికిలాగే ఉంటుంది. కానీ ఆ పొర గీత లోపల ఉందంటే గీత దానికంటే పాతదని అర్థం. మా పనిలో దానికి మించిన సాక్ష్యం లేదు. అందుకే గుర్తులున్న పెంకును ఎవరూ కడగకూడదు, దుమ్ము కూడా దులపకూడదు; త్సెంకో తెచ్చిన రోజు సంతోషంలో నేనే అది మరిచాను. మన పలక గీతల్లో ఆ పొర పూర్తిగా పోయింది. ఎవరో ఇనుప మొనతో గీకి పారేశారు, లేదా గీతలే కొత్తగా చెక్కారు. రెండింటిలో ఏదో చెప్పడానికి ఇప్పుడు దారి లేదు.

నీ ఇంట్లో జరగలేదు కాబట్టి ఇక మిగిలింది త్సెంకో గది. అతను మాత్రం 'గుడ్డ విప్పేసరికే శుభ్రంగా ఉంది, స్టమెనా గారిని అడగండి' అంటున్నాడు. నీ ఉత్తరం చూపించాను. అతని మొహం పాలిపోయింది. అతని పేరు కమిటీకి ఇచ్చాను. ఇరవై ఏళ్ళు నాతో పనిచేసిన మనిషి, ఆ కుంటికాలుతోనే ప్రతి గుంటలోకీ దిగేవాడు. నాకు మాత్రం సంతోషంగా ఉందా?

నీ
లాజార్


దోల్నా క్రుషా
మార్చి 10

లాజార్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చిక్కుడుగింజల కుండ అడుగంటింది. మీ బావ నోరెత్తకుండా తిన్నాడు, నా మొహం చూసి.

ఆ సున్నం అంత ముఖ్యమైనదని ముందే ఎందుకు చెప్పలేదురా? పలక చేతికిచ్చి 'జాగ్రత్తక్కా' అన్నావు, అంతే. జాగ్రత్త అంటే ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు.

త్సెంకోని వదిలెయ్యి. ఆ మాట చెప్పడానికే రాస్తున్నాను. అతను చెయ్యలేదు. నాకెలా తెలుసని అడగకు. అతని పేరు వెనక్కి తీసుకో, రేపే తీసుకో. ఇక్కడ ఒక లైను రాసి కొట్టేశాను. దాన్ని వెలుతురుకు పెట్టి చదవాలని చూడకు.

ఇంకో మాట. నన్నడిగితే అది రాత కాదు, ముద్ర. నాన్న చెక్కిన రొట్టె ముద్రల్లో లాగే మధ్యలో అడ్డగీతలు, నాలుగు మూలలా నాలుగు గింజలు, అంచున మెట్లు మెట్లుగా గీత. ఆ గింజలు చనిపోయినవాళ్ళ కోసం అని నాన్న అనేవాడు. ఎందుకూ అని అడిగితే 'మా నాన్న అన్నాడు' అనేవాడు. మీరేమో అది ఏదో చెప్తుందని చెవులు పెట్టుకుని కూర్చున్నారు. చెప్పకపోతే దానికి విలువ లేదా?

నాకు ఒంట్లో బాగోలేదు. జాడీలు పంపకపోయినా పరవాలేదు.

స్టమెనా


సోఫియా
మార్చి 19

అక్కా,

పేపర్లో బొమ్మ చూసి నువ్వు కూడా పండితురాలివైపోయావు, సంతోషం. ముద్ర అట! దొబ్రినొవ్ వింటే నిన్ను నెత్తిన పెట్టుకుంటాడు. ఒకే వరసలో ఉన్న అవే గుర్తులు ఇంకో రెండు కుండల మీద కూడా ఉన్నాయి. ఒకే వరస మళ్ళీ మళ్ళీ వచ్చిందంటే ఎవరో ఏదో చెప్పదలుచుకున్నారు. దానికోసం నా వయసంతా పెట్టాను. నువ్వు కూడా వేళాకోళం చెయ్యకు, ఇప్పుడు తట్టుకోలేను.

త్సెంకో మీద నీకు అంత జాలి ఎందుకో నాకు తెలుసు. నాన్న ఒప్పుకుని ఉంటే నువ్వు ఈపాటికి త్సెంకో పెళ్ళానివి. ఆ రోజుల్లో మన కంచె దగ్గర అతను నిలబడి బూట్లు అరగదీసుకోవడం నేను మర్చిపోలేదు. పాత సంగతి పాతదే కానీ, దాని కోసం తమ్ముణ్ణి జైలుకు పొమ్మంటావా? ఆశ్చర్యంగా ఉంది.

పోయిన సోమవారం అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "మీ అక్క అలా రాసిందంటే ఏదో కారణం ఉంటుంది లెండి" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

అతన్ని తీసేసినా నాకు ఒరిగింది లేదు. 'గీసినవాడు త్సెంకో, గీయించినవాడు లాజార్' అంటున్నారు ఇప్పుడు. ఏప్రిల్ ఆఖర్న కమిటీ తీర్పు. ఆ తర్వాత కాగితాలు ప్రాసిక్యూటర్ దగ్గరకు వెళ్తాయి. నా ఎదురుగా కూర్చునేవాళ్ళు బల్లలు జరుపుకున్నారు. మధ్యాహ్నం భోజనానికి నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. నేను ఏ తప్పూ చెయ్యలేదక్కా. ఆ పలక నిజమైనది. నా చేతుల్తో దిబ్బలోంచి తీశాను, ఆ రెండు గీతల్లో బూడిదరంగు పొర నా కళ్ళతో చూశాను. అది ఎలా పోయిందో ఒక్కరు వచ్చి చెప్తే చాలు. ఒక్కరు.

లాజార్


దోల్నా క్రుషా
మార్చి 28

తమ్ముడూ,

నేనే.

నేనే తీసేశాను ఆ పొర. మొత్తం రాస్తాను, మధ్యలో కాగితం చింపకు.

నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు. పెద్దల శనివారం వచ్చింది. నాన్నకూ అమ్మకూ రొట్టె చేసి సమాధుల దగ్గర పంచాలి. ముద్రలన్నీ బయటికి తీసి శుభ్రం చేస్తున్నాను. ముద్ర గాళ్ళలో పాత పిండి ఉండిపోతే ఆ రొట్టె చనిపోయినవాళ్ళకు అందదని అమ్మ ఎంత గట్టిగా చెప్పేదో నీకు గుర్తుందిగా. కదురు ఇనుప మొనతో ఒక్కో గాడీ గీకి, వెనిగర్‌తో తుడిచి, ఎండలో పెడతాం. పెట్టెలో ముద్రల పక్కనే నీ పలక కూడా ఉంది. గుడ్డ విప్పి చూశాను. పాపం, గాళ్ళ నిండా గట్టిగా ఎండిపోయిన పిండిలా ఉంది. ఎవరో పెద్దావిడ ముద్ర, వేల ఏళ్ళుగా ఎవరూ శుభ్రం చెయ్యలేదు, ఆవిడ వాళ్ళకి రొట్టె అందలేదు అనిపించింది. నిజంగా అలాగే అనిపించిందిరా. ఇంకో సంగతి కూడా ఉంది. సోఫియాలో అంత పెద్ద పెద్దవాళ్ళ ముందు పెట్టే వస్తువు మురికిగా వెళ్తే, ఏ ఇంటి నుంచి వచ్చింది ఇది అంటారని సిగ్గేసింది.

రెండు పూటలు పట్టింది. ఒక్క గీత కూడా నేను కొత్తగా పెట్టలేదు. ఉన్నదాన్నే పైకి తెచ్చాను. పని అయ్యాక చూసి ఎంత మురిసిపోయానో! నువ్వు లేచి వచ్చి 'అక్కా, నీ చేతులు బంగారం' అంటావనుకున్నాను.

నువ్వేమో దారోగాలా ఉత్తరం రాశావు. అందులో ఇల్కో పేరు చూశాను. ముట్టుకున్నానంటే ఇల్లు సోదా చేస్తారు, మళ్ళీ ఆయన్ని తీసుకుపోతారు అనుకున్నాను. అందుకే అబద్ధం రాశాను. ఆ తర్వాత నువ్వు దానికి పూచీ పడ్డావు. త్సెంకో ఉద్యోగం పోయింది. అతని మీద జాలి పాత కంచె వల్ల కాదురా బుద్ధిలేనివాడా, నా పాపం అతను మోస్తున్నాడు కాబట్టి.

నేను సోఫియాకి వస్తాను. ఆ ఒక్కరు నేనే. ఎవరి ముందు చెప్పమంటే వాళ్ళ ముందు చెప్తాను.

నీ అక్క


సోఫియా
ఏప్రిల్ 6

అక్కా,

రావద్దు.

ఉత్తరం పట్టుకుని దొబ్రినొవ్ దగ్గరకు పరుగెత్తాను. చదివి, మడతపెట్టి, నా చేతిలో పెట్టాడు. "లాజార్ గారూ, ఫిబ్రవరిలో ముట్టుకోలేదన్న ఆవిడే మార్చిలో గీకానంటోంది. మేలో ఏమంటుందో? అక్క ప్రేమ గొప్పదే, కాదనను. ఆ గీకిన పొడి ఏదైనా ఉందా మరి?" అన్నాడు. నా దగ్గర ఏముంది చూపించడానికి? నా వాంగ్మూలం ఉంది, నా సంతకంతో. నీ మొదటి ఉత్తరం ఉంది, నీ చేతిరాతతో. నిజం రెండు నెలలు ఆలస్యంగా వస్తే అబద్ధంలాగే ఉంటుందని ఇప్పుడు తెలిసింది.

ఏమని తిట్టను నిన్ను? కదురు మొన! ఆరు వేల ఏళ్ళు నేల కాపాడిన దాన్ని రెండు పూటల్లో చేతులారా తీసి పారేసి, మురిసిపోయావు! పిడుగు పడినా, వరద వచ్చినా దానికేం కాలేదు. మా అక్క శుభ్రత దాన్ని చంపింది.

అంతకంటే ఆ గీతలు నువ్వే సరదాకి చెక్కానన్నా బాగుండేది. అప్పుడు నేను దొంగను అయ్యేవాణ్ణి కాదు, వెర్రివాణ్ణి అయ్యేవాణ్ణి. వెర్రివాణ్ణి జైల్లో పెట్టరు.

ఇక ఏమీ రాయలేను.

లాజార్


దోల్నా క్రుషా
ఏప్రిల్ 20

నాయనా లాజార్,

ఇక నిశ్చింతగా ఉండు. నువ్వు చెప్పినట్టే చేశాను.

మొన్న బుధవారం కమిటీవాళ్ళు ముగ్గురు దిబ్బ చూడ్డానికి కారులో వచ్చారు. ఊరంతా వాళ్ళ వెనకే. దొబ్రినొవ్ అంటే కొమ్ములుంటాయనుకున్నాను, ఆయన కోటుకి ఒక గుండీ లేదు, మెడకు మఫ్లరు, పాపం జలుబు కూడా. మీ బావని గొర్రెలతో కొండమీదికి పంపేసి, పండగ ఏప్రన్ కట్టుకుని బడి దగ్గరకు వెళ్ళాను.

"మీరు వెతుకుతున్నది నన్నే. ఆ గీతలు నేనే చెక్కాను" అన్నాను.

"మీరా? ఎందుకమ్మా?" అన్నాడు.

"మా తమ్ముడు ఏళ్ళకేళ్ళు తవ్వుతున్నాడు, ఏమీ దొరకడం లేదు. కుండపెంకులేరుకుని ఏడుస్తున్నాడు. ఒక మట్టి బిళ్ళ దొరికింది కదా, దాని మీద నాలుగు గీతలుంటే సంతోషిస్తాడులే అనుకున్నా. ఇంత రచ్చ అవుద్దని నాకేం తెలుసు?"

"మరి లాజార్ గారికి తెలీదా?"

"వాడికేం తెలుసండీ, వాడొక వెర్రిబాగులోడు. చిన్నప్పుడు మేం బొగ్గుముక్క చేతిలో పెట్టి గద్దగుడ్డంటే మూడు రోజులు చంకలో పెట్టుకుని పొదిగాడు" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు కోప్పడకు, ఆ సమయానికి అదే నోటికొచ్చింది.

ఆయన నవ్వలేదు. "మీరు చెక్కారనడానికి రుజువేమిటి?" అన్నాడు. మట్టి ఇమ్మన్నాను. బడి వెనక నుంచి ఎవరో తెచ్చారు. బల్ల మీద పలచగా తట్టి, కదురు తీసి, మొదలుపెట్టాను. లాజార్, నాకు ఒక్కసారి కూడా ఆగాల్సిన పని పడలేదు. రెండు పూటలు ప్రతి గాడిలోనూ తిరిగిన చెయ్యి కదా. ఎక్కడ లోతో, ఎక్కడ వంపో, ఏ గింజ పక్కన ఏ మెట్టో దానికి తెలుసు. పందొమ్మిదీ వరసగా గీశాను. ఆయన జేబులోంచి ఫోటో తీసి పక్కన పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. రెండిటిదీ ఒకే చెయ్యి అన్నాడు.

కాగితం రాశారు, సంతకం పెట్టాను. త్సెంకోకి ఏ సంబంధమూ లేదని కూడా రాయించాను. నన్ను ఏమీ చెయ్యరట, చదువులేని ఆడది, ముసలిది అని. యాభై మూడుకే ముసలిదాన్నట.

ఇప్పుడు నువ్వు దొంగవి కావు. హాయిగా పడుకో.

స్టమెనా


సోఫియా
మే 6

అక్కా,

ఈ రోజు గొర్రెపిల్ల పండగ. పక్కింట్లోంచి వాసన వస్తోంది. నేను మూడు గంటలుగా ఈ కాగితం ముందు కూర్చున్నాను.

నేను నిన్ను ఏమీ చెయ్యమనలేదు. ఆ మాట ఏడుపులో వచ్చింది. నువ్వు దాన్ని పనిలా అందుకుని చేసి పెట్టావు. చిన్నప్పటి నుంచీ అంతే, దాహమంటే నీళ్ళు కాదు, బావినే తెచ్చేదానివి.

నీకు తెలియనిది ఒకటి ఉంది. నిన్ను తిడుతూ రాసిన ఆ వారమే, రసాయన పరీక్షలు చేసే ఒకావిడ దగ్గరకు వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. 'పై పొర పోయినా మట్టి రంధ్రాల లోతుల్లో ఆ సున్నం మిగిలే ఉంటుంది. ఇనుము గీరిన చోటు కింద అది కనబడితే, గీత పాతది, గీకింది కొత్తది అని తేలిపోతుంది' అంది. కమిటీని ఒప్పించింది. పరీక్ష మే రెండున పెట్టారు. ఏప్రిల్ పదమూడునే నాకు ఈ సంగతి తెలుసు. నీకు ఒక్క ముక్క రాసి ఉంటే నువ్వు ఆ బడి దగ్గరకు వెళ్ళేదానివి కాదు. రాయలేదు. నీ మీద కోపం తగ్గలేదు, కొన్నాళ్ళు కుమిలిపోనీ అనుకున్నాను.

ఏప్రిల్ ముప్పైన పిలిచారు. బల్ల మీద పలక, పక్కన నువ్వు గీసిన మట్టి బిళ్ళ. దొబ్రినొవ్ మొహంలో సంతోషం లేదు, అలిసిపోయి ఉన్నాడు. "మీ అక్కగారి వాంగ్మూలం నిజమేనని ఒప్పుకుంటే ఇక్కడితో ఆపేస్తాం. పరీక్ష కూడా అక్కర్లేదు. కాదంటే ఆవిడ ప్రభుత్వ కమిటీని కావాలని తప్పుదారి పట్టించినట్టు. ముందు ఆ కేసు నడుస్తుంది, పరీక్ష సంగతి తర్వాత" అన్నాడు.

పరీక్ష జరిగితే పలక గెలిచేది. దాదాపు ఖాయంగా గెలిచేది. నువ్వు జైలుకి వెళ్ళేదానివి. బావ ఉండొచ్చిన చోటుకే.

సంతకం పెట్టాను. 'పలక మీద గుర్తులు మా అక్క స్టమెనా చెక్కినవి, నేను మోసపోయాను' అని నా చేత్తోనే రాయించారు. మిగతా రెండు కుండల మీది గుర్తులు కూడా ఇక ఎవరూ నమ్మరు. నా చేతిలో పడినవి ఏవీ నమ్మరు. నన్ను పాత పుస్తకాల గదిలోకి మార్చారు. త్సెంకోని తిరిగి రమ్మన్నారు, అతను రానన్నాడు.

నీ మీద కోపం లేదు. ఏదీ లేదు లోపల. పలక నిజమని తెలిసిన మనిషిని నేను, అది అబద్ధమని రాసిచ్చిన మనిషినీ నేనే.

లాజార్


దోల్నా క్రుషా
మే 29

లాజార్,

నిన్న పోస్టాఫీసుకి రమ్మని కబురొచ్చింది. చెక్క డబ్బా, పైన నా పేరు, సోఫియా ముద్ర. నువ్వే జాడీలు పంపావనుకున్నాను.

లోపల పలక ఉంది. గడ్డిలో చుట్టి పంపారు. ఒక కాగితం కూడా ఉంది, పోస్టు మాస్టరు గట్టిగా చదివాడు. 'ఈ వస్తువు ఇటీవలి చేతిపని. దీనికి మ్యూజియం విలువ లేదు. జాబితా నుంచి తీసివేసి, చేసిన వ్యక్తికి తిరిగి ఇవ్వడమైనది.' అందినట్టు సంతకం పెట్టమన్నాడు. మొదటిసారి సరిగ్గా రాలేదు, మళ్ళీ పెట్టించుకున్నాడు.

వరసలో నిలబడ్డవాళ్ళంతా చుట్టూ మూగారు. కోఆపరేటివ్ దుకాణం యోర్దాంక దాన్ని చేతిలోకి తీసుకుని, "స్టమెనక్కా, ఎంత బాగా చెక్కావే! మా అబ్బాయి పెళ్ళి రొట్టెకి ఇలాంటిదొకటి చేసి పెట్టకూడదూ!" అంది. అది నా పని కాదే అనబోయాను. ఆ మాట నేను అనకూడదు. యోర్దాంకతోనే కాదు, ఎవరితోనూ, ఎప్పుడూ అనకూడదు. "చేస్తాలే" అన్నాను. డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

మీ బావకి నిజం తెలుసు. రాత్రి భోజనాల ముందు దాన్ని చూసి టోపీ తీసి పక్కన పెట్టాడు, సమాధుల దగ్గర తీసినట్టు. దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరమా కాదా అని అడిగాడు. కాగితం చూపించాను. అయినా తలుపు గడియ వేసొచ్చాడు.

నువ్వు నాకోసం సంతకం పెట్టావని చదివిన రోజు ఒక పూటంతా గొర్రెల కొట్టంలో కూర్చుని ఏడ్చాను. నేను నిన్ను కాపాడాననుకున్నాను. నువ్వు నన్ను కాపాడావు. ఇద్దరం కలిసి దీన్ని చంపాం. నా మీద కేసు పెట్టనిచ్చి ఉండాల్సింది రా. ఎనిమిది నెలలు మనిషి బతికి బయటికొస్తాడు, నేను చూశాను కదా.

పొద్దున దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ముద్ర అని నీతో వాదించాను, కానీ నాకు తెలియదు. ఇది నిజమని తెలిసినవాళ్ళం నువ్వు, నేను, ఇల్కో. బహుశా త్సెంకో. మనమంతా పోయాక యోర్దాంక మనవరాళ్ళు దీన్ని స్టమెనా చెక్కిన బిళ్ళ అంటారు, అంతే.

ఒక్కసారి రా. క్షమాపణలు చెప్పుకోవద్దు, ఇద్దరికీ సరిపడా ఉన్నాయి. మా ఇంట్లో బల్ల ముందు కూర్చుని, మొదటి గుర్తు దగ్గర్నుంచి నీ వేలు పెట్టి, ఇందులో ఏముందని నువ్వు అనుకున్నావో నాకు చెప్పు. నేను నిన్ను ఎప్పుడూ అడగలేదు. ఇక దీన్ని అడిగేవాళ్ళు వేరే ఎవరూ లేరు.

స్టమెనా